పెద్ద మాటకు విగ్రహవాక్యం



ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఇంగ్లీషులో ఉన్న పొడుగాటి మాటల గురించి. ఒకే అక్షరాల గుంపు పది మాటల్లో కనబడుతూ ఉంటుంది చూశారా, ఆ గుంపు వెనక ఏ అర్థం దాగి ఉంటుంది, దాన్ని పట్టుకుని కొత్త మాటను ఎలా విప్పుకోవచ్చు, ఇదీ విషయం. రేడియోలో అక్షరాలు కనబడవు కాబట్టి అవసరమైన చోట స్పెల్లింగు పలుకుతాను. పిల్లలెవరైనా వింటుంటే కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

మాది చల్లపల్లి. ఇంగ్లీషు చెప్పడం నా వృత్తి. మా ఊళ్ళో బస్సెక్కితే బందరు ఎంతో దూరం కాదు. ఆ బందరులోనే 1611లో ఈస్టిండియా కంపెనీ వర్తకులు దిగారు. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ అక్కడే ఇంగ్లీషు బడి పెట్టాడు. ఇప్పటి నోబుల్ కాలేజీకి మూలం అదే. అంటే ఇంగ్లీషుతో మా ప్రాంతానికి పరిచయం నాలుగు వందల ఏళ్ళది, చదువు నూట ఎనభై ఏళ్ళది. అయినా ఇవాళ్టికీ పన్నెండు అక్షరాలు దాటిన మాట కనబడితే చాలు, “మాస్టారూ, ఇది నోరు తిరగదండీ” అని పేజీ తిప్పేస్తారు మా పిల్లలు. అదే పిల్లవాడు తెలుగు పీరియడ్లో ఎంత సమాసమిచ్చినా విడదీసి, విగ్రహవాక్యం రాసి, ఫలానా తత్పురుష అని మార్కులు తెచ్చుకుంటాడు. ఆ విద్యనే పక్క పీరియడ్లోకి తెచ్చుకోమని నేననేది. ఇంగ్లీషులో పొడుగాటి మాటలు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టిన సమాసాలే. విడదీయడం వస్తే ఇక వాటి పొడుగుతో మనకు పేచీ లేదు.

ముందు పుస్తకాలు పక్కన పెట్టి పురుగుమందుల కొట్టుకు వెళ్దాం. డెల్టాలో ఏ సెంటర్లో చూసినా ఒకటుంటుంది. బల్ల మీద డబ్బాలు వరసగా ఉంటాయి. దోమకూ, ఆకుముడతకూ కొట్టే మందు మీద ఇన్సెక్టిసైడ్ అని ఉంటుంది. అగ్గితెగులుకు కొట్టేదాని మీద ఫంగిసైడ్. కలుపు మందు మీద హెర్బిసైడ్. ఎలుకల మందు మీద రోడెంటిసైడ్. నాలుగింటికీ చివర ఒకే నాలుగక్షరాలు: సి, ఐ, డి, ఈ. లాటిన్‌లో నరకడం, చంపడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది ఈ ముక్క. ఇన్సెక్ట్ అంటే పురుగు, ఫంగస్ అంటే బూజు, హెర్బ్ అంటే మొక్క. పురుగులను చంపునది ఇన్సెక్టిసైడ్. తెలుగు మాస్టారిని అడిగితే ద్వితీయా తత్పురుష అంటారు. మనిషిని చంపడం హోమిసైడ్. ఒక జాతినే తుడిచిపెట్టడం జెనోసైడ్. ఈ మాట పాతది కాదు. 1944లో రఫాయెల్ లెమ్కిన్ అనే న్యాయవాది గ్రీకు ముక్కకు లాటిన్ తోక తగిలించి కట్టాడు. అప్పటిదాకా పేరులేని నేరానికి పేరు దొరికింది. ఇంకో మాట చెబితే ఆశ్చర్యపోతారు. డిసైడ్, అంటే తేల్చుకోవడం, దానిలో ఉన్నదీ ఇదే సైడ్. అటా ఇటా అని ఊగే ఆలోచనను ఒక్క వేటుతో నరికేయడమే డిసైడ్ చేయడం.

రోడెంటిసైడ్‌లో మొదటి ముక్క చూడండి: ఆర్, ఓ, డి. కొరకడం అని దాని అర్థం. రోడెంట్ అంటే కొరికే జంతువు. ఎరోజన్ అంటే నేల కోసుకుపోవడం. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళకు దాని సంగతి చెప్పక్కర్లేదు, నది ఏటా గట్టును కొరుకుతూనే ఉంటుంది. ఉప్పుగాలికి ఇనుము తినేస్తే కొరోజన్. ఈ రెంటిలోనూ డి కాస్తా ఎస్ అయింది, అంతే తేడా. మరి వరిగట్టుకు బొక్కలు పెట్టి, మన కంకులు కొరికి కలుగులో దాచుకునే జంతువును ఇంగ్లీషువాడు ఏమన్నాడు? బాండికూట్ అన్నాడు. అది మన పందికొక్కే. నోరు తిరక్క అలా పలికాడు. ఆ తరవాత ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉన్న వేరే జంతువేదో కనబడితే దానికీ ఆ పేరే పెట్టారు. తెలుగులోంచి ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కిన కొద్ది మాటల్లో పందికొక్కు ఒకటి కావడం మన గట్ల పుణ్యం.

ఇప్పుడు తెలుగు వ్యాకరణం పుస్తకం తెరుద్దాం. సమాసాల పేర్లు అందరికీ గుర్తుండే ఉంటాయి. ఫోటోగ్రాఫ్: ఫోటో అంటే కాంతి, గ్రాఫ్ అంటే రాత. కాంతి చేత రాసినది, తృతీయా తత్పురుష. టెలిఫోన్: దూరమైన స్వరం, కర్మధారయం. మిల్లెనియం: వెయ్యి ఏళ్ళు, సంఖ్య ముందుంది కాబట్టి ద్విగువు. రైనోసెరాస్, మన ఖడ్గమృగం: రైనో అంటే ముక్కు, సెరాస్ అంటే కొమ్ము. ముక్కు మీద కొమ్ము గలది, బహువ్రీహి. హిప్పోపొటమస్: హిప్పో అంటే గుర్రం, పొటమస్ అంటే నది. నది యొక్క గుర్రం, షష్ఠీ తత్పురుష. ఆ పొటమ్ అన్న ముక్కే చరిత్ర పాఠంలో మెసొపొటేమియాలోనూ వస్తుంది. మెసో అంటే మధ్య. రెండు నదుల మధ్య నేల. కృష్ణ పాయల మధ్య ఉన్న దివిసీమవాళ్ళకు ఆ పేరు ఒకసారి చెబితే చాలు, మళ్ళీ మరిచిపోరు.

నఞ్ సమాసం దగ్గర ఇంకో విశేషముంది. సంస్కృతంలో లేదు అని చెప్పడానికి హల్లు ముందు ‘అ’ వస్తుంది: అధర్మం, అన్యాయం. అచ్చు ముందు ‘అన్’ వస్తుంది: అనంతం, అనాచారం. గ్రీకులో కూడా సరిగ్గా ఇదే సూత్రం. హల్లు ముందు ఏ ఒక్కటే: జబ్బుంది గానీ లక్షణాలు లేవు, ఎసింప్టొమాటిక్. కరోనా రోజుల్లో ఈ మాట పలకని ఇల్లు లేదు. అచ్చు ధ్వని ముందు ఏ, ఎన్: రక్తం చాలకపోతే అనీమియా, పాలన లేకపోతే అనార్కీ, పేరు లేకపోతే అనానిమస్. ఎక్కడి గ్రీసు, ఎక్కడి మన పదో తరగతి వ్యాకరణం! గ్రీకుకూ సంస్కృతానికీ మూలం ఒకటి కావడం వల్ల వచ్చిన పోలిక ఇది. గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పిన సంగతి చాలామంది విని ఉంటారు. తెలుగు ఆ కుటుంబం కాదని, దక్షిణాది భాషలకు వేరే కుటుంబం ఉందని 1816లో ఎల్లిస్ దొర రాశాడు. కాకపోతే మన బడి సంస్కృత సమాసాలను కూడా మనకు నేర్పింది కాబట్టి లాభం మనదే.

ఇక మా సీమకు బాగా తెలిసిన మాట ఒకటి తీసుకుందాం: సైక్లోన్. సి, వై, సి, ఎల్. గ్రీకులో చక్రం, వలయం అని అర్థం. బైసికిల్ రెండు చక్రాలది, ట్రైసికిల్ మూడు చక్రాలది, రీసైకిల్ అంటే వాడిన వస్తువును మళ్ళీ చక్రంలోకి తిప్పడం. ఎన్‌సైక్లోపీడియా అంటే చుట్టూ ఉన్న అన్ని విద్యలూ ఒక వలయంలో చేర్చినది. సైక్లోన్ అన్న మాటను 1840లలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన పుట్టించాడు. బంగాళాఖాతం తుపానుల లెక్కలు పరిశీలించి, గాలి తిన్నగా వీయడంలేదు, ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతోంది అని గ్రహించి, ఆ తిరగడాన్నే పేరులో పెట్టాడు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చినది అలాంటి సుడే. ఒకవైపు నుంచి కొట్టిన గాలి కాసేపటికి రెండోవైపు నుంచి ఎందుకు కొడుతుంది, మధ్యలో ఆ మోసపు నిశ్శబ్దం ఏమిటి అన్నదానికి జవాబు ఆ నాలుగక్షరాల్లోనే ఉంది. కేంద్రం మన మీదుగా దాటుతోందని అర్థం. గాలి ఆగిందని బయటికి రావద్దని తుపాను హెచ్చరికల్లో చెప్పేది అందుకే.

అవనిగడ్డ దారిలో పులిగడ్డ దగ్గర అక్విడక్టు ఉంది. కృష్ణ పాయ మీదుగా కాలువ నీళ్ళను దివిసీమకు దాటించే కట్టడం. అక్విడక్టు అన్నది మా వైపు రైతులు చదువుతో పనిలేకుండా పలికే మాట. అక్వా అంటే నీరు. డి, యు, సి, టి అంటే దారి చూపి తీసుకెళ్ళడం. నీళ్ళను తీసుకెళ్ళేది అక్విడక్టు. నాగాయలంక, కోడూరు వైపు చెరువుల రైతును ఆక్వా రైతు అంటున్నాం, అదే నీరు. మరి ఆ డక్ట్ ఇంకెక్కడుంది? బస్సు కండక్టర్‌లో ఉంది. మనందరినీ కలిపి తీసుకెళ్ళేవాడు కండక్టర్. కరెంటును తీసుకెళ్ళే రాగితీగ కూడా కండక్టరే. ప్రొడక్షన్ అంటే ముందుకు తేవడం, ఇంట్రడక్షన్ అంటే లోపలికి తీసుకురావడం. ఎడ్యుకేషన్‌లోనూ డి, యు, సి ఉన్నాయి, వెతుక్కోండి.

ఇక్కడ పిల్లలు ఒక గట్టి ప్రశ్న వేస్తారు. “మాస్టారూ, తెలుగులో పలికినట్టు రాస్తాం. ఇంగ్లీషులో పలకని అక్షరాలు ఎందుకండీ రాయడం?” న్యాయమైన ప్రశ్నే. మన ఇంటిపేర్లు ఉన్నాయి చూడండి. రోజూ ఎవరూ ఇంటిపేరు పెట్టి పిలవరు. పెళ్ళి శుభలేఖలోనో, పొలం దస్తావేజులోనో మాత్రం అది ఉండి తీరాలి. ఎవరింటివాళ్ళో తెలిసేది దానితోనే. ఇంగ్లీషులో పలకని అక్షరం చాలా చోట్ల చేసే పని ఇదే. సైన్ అని పలుకుతాం, మధ్యలో జి రాస్తాం. ఆ జి సిగ్నేచర్‌లో, సిగ్నల్‌లో వినబడుతుంది. రిజైన్‌లో వినబడదు, రెజిగ్నేషన్‌లో వినబడుతుంది. టూ అని రెండుకు టి, డబ్ల్యు, ఓ రాస్తాం. ఆ డబ్ల్యు ఎందుకు? ట్వైస్, ట్విన్స్, ట్వెల్వ్, ట్వంటీ, బిట్వీన్ అన్నీ రెండింటి సంతానమే. పగలూ రాత్రీ కలిసే సందెవేళ ట్విలైట్ కూడా ఆ ఇంటిదే. అప్పును డెట్ అంటాం, డి, ఈ, బి, టి. ఇంగ్లీషువాడు ఒకప్పుడు ఇందులో బి రాసేవాడే కాదు. పండితులు లాటిన్ మూలం చూసి తరవాత చేర్చారు. ఇవాళ ఆ బి పుణ్యాన బ్యాంకు డెబిట్ కార్డుతో దాని చుట్టరికం కళ్ళకు కడుతోంది.

అయితే దొంగ ఇంటిపేర్లూ ఉంటాయి. ఐలండ్, అంటే దీవి, లంక. దాని స్పెల్లింగులో ఎస్ ఉంది. అది అచ్చ ఇంగ్లీషు మాట, పూర్వం ఎస్ లేదు. లాటిన్ ఇన్సులా నుంచి వచ్చిన ఐల్ అనే మరో మాటను చూసి, ఇదీ ఆ ఇంటిదే అనుకుని ఎస్ తగిలించారు. తగిలించినది తప్పే గానీ ఆ ఇన్సులా ఇల్లు మాత్రం చాలా పెద్దది. ఐ, ఎన్, ఎస్, యు, ఎల్ అని రాసుకోండి. పెనిన్సులా అంటే దాదాపు దీవి, మన ద్వీపకల్పం. కరెంటు స్తంభం మీద తెల్లటి పింగాణీ గిన్నెల్లా కనబడేవి ఇన్సులేటర్లు. తీగను స్తంభానికి తగలనివ్వకుండా దీవిలా విడిగా ఉంచుతాయి. కరోనాలో ఐసొలేషన్ అన్నాం, మనిషిని దీవిని చేయడం. ఇక ఇన్సులిన్. మన క్లోమగ్రంథిలో చిన్న చిన్న కణాల గుంపులుంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి వాటిని మైక్రోస్కోపులో చూశాడు. చుట్టూ వేరే కణాలు, మధ్యలో ఇవి విడివిడిగా ఉండడంతో తరవాతివాళ్ళు వాటికి లాంగర్‌హాన్స్ లంకలని పేరు పెట్టారు. ఆ లంకల నుంచి పుట్టే రసం కాబట్టి ఇన్సులిన్. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని వేరుచేశాక షుగరు రోగుల ప్రాణాలు నిలిచాయి. నాగాయలంక, ఎదురుమొండి వైపు లంకల్లో షుగరుకు సూది వేసుకునేవాళ్ళు ఎంతమంది! సూది మందు పేరులోనూ లంకే ఉంది.

పలకని అక్షరాల్లో ఇంకొక్కటి చెప్పి ముందుకెళ్తాను. నో, అంటే తెలుసుకోవడం. కె, ఎన్, ఓ, డబ్ల్యు. పూర్వం ఇంగ్లీషువాడు ఆ కె పలికేవాడు. దానికి గ్రీకు, లాటిన్ చుట్టాలు జి, ఎన్ తో వస్తాయి. ఊరూరా డయాగ్నొస్టిక్ సెంటర్ బోర్డులున్నాయి కదా, అక్కడి జి, ఎన్ చూడండి. డయాగ్నోసిస్ అంటే తరచి తెలుసుకోవడం. రికగ్నైజ్ అంటే తెలిసినదాన్ని మళ్ళీ తెలుసుకోవడం. ఇగ్నోర్ అంటే తెలుసుకోకుండా వదిలేయడం. దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు అగ్నాస్టిక్. ఇక మన జ్ఞానం, విజ్ఞానం, ప్రజ్ఞ, అజ్ఞానం: వీటిలో ‘జ్ఞ’ కూడా ఆ ఇంటి ఆడపడుచే. తెలివి మాత్రం మన సొంతం, అది వాళ్ళ ఇంటికి చెందదు.

ఒంటి మాటలే కాదు, జంట మాటల్లోనూ ఇలాంటి ఉమ్మడి అక్షరాలుంటాయి. పేపర్లో రోజూ చూసే మాట ఎక్స్‌గ్రేషియా. పడవ బోల్తా పడినా, పిడుగు పడి మనిషి పోయినా ప్రభుత్వం ప్రకటించేది అదే. ఎక్స్ అంటే నుంచి. గ్రేషియా అంటే దయ. దయ నుంచి ఇచ్చినది. నష్టపరిహారం హక్కు, అడిగి తీసుకోవచ్చు. ఎక్స్‌గ్రేషియా అలా కాదు, బాధ్యత ఒప్పుకోకుండానే ఇచ్చే సాయం. ఏది ఇస్తున్నారన్నది ఆ రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఎక్స్ అఫీషియో అంటే పదవి వల్ల వచ్చిన సభ్యత్వం. ఎక్స్ పార్టీ అంటే ఒక పక్షం నుంచే విని కోర్టు ఇచ్చిన తీర్పు, రెండో పక్షం వాయిదాకు రాలేదన్నమాట. గ్రేషియా చుట్టాలు ఇంకా ఉన్నారు: గ్రేస్ మార్కులు, గ్రాటిట్యూడ్, కంగ్రాచ్యులేషన్స్. ఉద్యోగి రిటైరయ్యేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా. పుట్టుకతో ఇదీ దయాదానమే. 1972లో మన దేశంలో గ్రాట్యుటీ చట్టం వచ్చాక అది హక్కయింది. మాట పాతదే, దాని చట్టబద్ధమైన అర్థం కార్మికులు మార్చుకున్నారు.

ఇంతవరకూ విని అక్షరాలు కలిసినవన్నీ చుట్టాలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పెన్ను, పెన్సిలు ఒక డబ్బాలో ఉంటాయి గానీ ఒక ఇంటివి కావు. పెన్ను లాటిన్‌లో ఈకకు చెందినది, ఈకతోనే రాసేవారు కదా. పెన్సిలు చిన్న కుంచె అన్న మాట నుంచి వచ్చింది. దాని అసలు చుట్టం పెన్సిలిన్. 1928లో ఫ్లెమింగ్ చూసిన ఆ బూజు కుంచెలా ఉంటుందని దానికా పేరు. మేల్, ఫిమేల్ కూడా పుట్టుకతో వేరువేరు మాటలు, పక్కపక్కన ఉండి ఒకలా రాయబడ్డాయి.

చిన్న తేడాకు పెద్ద ప్రమాదం ఉన్న జంట కూడా ఒకటుంది, పెద్దవాళ్ళు శ్రద్ధగా వినండి. హైపర్ అంటే ఎక్కువ, చివర ఈ, ఆర్. హైపో అంటే తక్కువ, చివర ఓ. హైపర్‌టెన్షన్ అంటే బీపీ పెరగడం, హైపోటెన్షన్ అంటే పడిపోవడం. హైపర్‌గ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర ఎక్కువవడం, హైపోగ్లైసీమియా అంటే తక్కువవడం. థైరాయిడ్‌కూ ఇంతే. రెండింటికీ వైద్యం వేరు. చీటీ మీద ఏది రాశారో అక్షరం అక్షరం చూసుకోండి, అర్థం కాకపోతే డాక్టరుగారినే అడగండి.

పెద్ద మాటలంటే అన్నిటికంటే పెద్దది ఏదని అడుగుతారు. ఇంగ్లీషు నిఘంటువుల్లో చోటు దొరికినవాటిలో పేరుమోసినది నలభై ఐదు అక్షరాలది. 1935లో అమెరికాలో పదప్రహేళికల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ సరదాకు కట్టాడు. ఊపిరి పీల్చుకుని వినండి: న్యుమోనో, అల్ట్రా, మైక్రోస్కోపిక్, సిలికో, వోల్కేనో, కోనియోసిస్. ఊపిరితిత్తులు, మించిన, కంటికి ఆనని, సిలికా, అగ్నిపర్వతం, దుమ్ముజబ్బు. అగ్నిపర్వతపు సన్నటి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. డాక్టర్లెవరూ ఈ మాట వాడరు. రాతిక్వారీ కూలీలకు వచ్చే అసలు జబ్బును సిలికోసిస్ అంటారు, తొమ్మిదక్షరాలతో సరిపోతుంది. 2018లో శశి థరూర్ తన పుస్తకం గురించి చెబుతూ ఫ్లోక్సినాసినిహిలిపిలిఫికేషన్ అన్నారు. దేశమంతా నిఘంటువులు తిరగేసింది. ఇరవై తొమ్మిది అక్షరాలు. లాటిన్‌లో ఏమీలేదు, వెంట్రుకపాటి చేయదు అని చెప్పే నాలుగు ముక్కలు వరసగా పేర్చి, దేన్నయినా పనికిరానిదిగా లెక్కకట్టడం అనే అర్థం తెచ్చారు. పూచికపుల్ల విలువ చేయదనడానికి అంత దండకం!

ఈ విద్యను పోటీగా ఆడి గెలిచిన తెలుగు పిల్లలున్నారు. అమెరికాలో 1925 నుంచి జాతీయ స్పెల్లింగ్ బీ జరుగుతోంది. తెలుగు ఇళ్ళ పిల్లల్లో 2003లో సాయి గుంటూరి, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి గెలిచారు. 2016లో నిహార్ జంగా ఉమ్మడి విజేత. 2024లో బృహత్ సోమ తొంభై సెకన్లలో ఇరవై తొమ్మిది మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. పెద్ద మాటల పోటీకి బృహత్ అన్న పేరు భలే అమరింది. అరవింద్ సంగతి వినదగ్గది. 2011లో, 2012లో వరసగా మూడో స్థానంలో ఆగిపోయాడు. రెండుసార్లూ దెబ్బకొట్టింది జర్మన్ నుంచి వచ్చిన మాటలే. ఆ భాష స్పెల్లింగు పద్ధతి మీద కూర్చుని సాధించాడు. 2013లో ఆఖరి మాట క్నేడెల్, యూదులు సూప్‌లో వేసుకునే ఉడికించిన పిండి ఉండ. జర్మన్ కుటుంబానికే చెందిన యిడ్డిష్ మాట. ఇందాక నో అన్న మాటలో నిద్రపోయిన కె ఇక్కడ గట్టిగా పలుకుతుంది. ఆ కె వదలకుండా చెప్పి గెలిచాడు.

ఈ పిల్లల్లో చాలామందికి సాధన చేయించిన వేదిక నార్త్ సౌత్ ఫౌండేషన్. తెలుగువారైన రత్నం చిట్టూరి 1989లో ప్రారంభించారు, 1993 నుంచి పోటీలు పెడుతున్నారు. ఆ సంస్థ ఇక్కడి పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తుంది.

ఆ పోటీలో పిల్లవాడు మాట వినగానే స్పెల్లింగు చెప్పేయడు. అర్థం ఏమిటి, ఏ భాష నుంచి వచ్చింది, ఒక వాక్యంలో వాడి చెప్పండి అని అడుగుతాడు. ఫలానా మూలం ఇందులో ఉందా అని కూడా అడగొచ్చు. 2021లో జైలా అవాంట్‌గార్డ్ అనే అమెరికన్ అమ్మాయికి ఆఖరున ఒక మొక్కల జాతి పేరు ఇచ్చారు: మురాయా. ఇందులో ముర్రే అనే మనిషి పేరుందా అని అడిగింది. ఉంది. ఆ ముర్రే ఒక వృక్షశాస్త్రవేత్త. అంతే, ఎం, యు, ఆర్, ఆర్, ఏ, వై, ఏ అని చెప్పి గెలిచింది. ఆ మురాయా జాతి మనకు పరాయిది కాదు. మన పెరటి కరివేపాకుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మురాయా కోనిగీ.

కాబట్టి పిల్లలూ, అడగడం నేర్చుకోండి. కొత్త మాట కనబడగానే మూడు పనులు చేయండి. ఒకటి, ఇందులో ముందే తెలిసిన ముక్క ఏదైనా ఉందా అని వెతకండి. రెండు, ఉంటే విగ్రహవాక్యం రాయండి, తెలుగులోనే రాయండి. మూడు, నిఘంటువు తీసి మీ ఊహ సరో కాదో చూసుకోండి. పెన్ను, పెన్సిలు లాంటి మోసం అక్కడే బయటపడుతుంది. ఇందుకు ఖరీదైన పుస్తకాలక్కర్లేదు. మందు స్ట్రిప్పు, ఎరువుల బస్తా, కరెంటు బిల్లు, కోర్టు నోటీసు చాలు. నోటుపుస్తకంలో ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ కేటాయించి, దొరికిన మాటనల్లా దాని పేజీలో చేర్చుకుంటూ పోండి. కొన్నాళ్ళకు కొత్త మాటల్లో సగం మీకు పాత ముఖాలే అవుతాయి.

వెళ్ళేముందు మీకొక పరీక్ష. విజయవాడలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక డాక్టరుగారి గది మీద ఇరవై ఒక్క అక్షరాల మాట కనబడవచ్చు: ఓటో, రైనో, లారింగో, లాజిస్ట్. మొదటి ముక్క చెవి అని నేను చెబుతున్నాను. రెండోది ఇవాళే ఒక జంతువు పేరులో విన్నారు. చివరిది బయాలజిస్టుల ఇంటిది, ఒక శాస్త్రం తెలిసినవారని అర్థం. మూడోదాన్ని ఊహించి, ఆ గదిలోకి ఏ నొప్పితో వెళ్ళాలో మీరే తేల్చుకోండి.